నేను కొనని ఏడు వస్తువులు

జూన్ 3, మంగళవారం, ఉదయం 11

షాపింగ్ సైటులోని నా అకౌంటులో నేను కొనని వస్తువులు ఏడున్నాయి.

మూడుసార్లు లెక్కపెట్టాను. కళ్ళు తుడుచుకుని నాలుగోసారి కూడా చూశాను. ఆరు గిఫ్ట్ కార్డులు, ఒక కళ్ళజోడు. కోట్లకు లైనింగ్ గుడ్డ ఆర్డర్ పెడదామని టాబ్లెట్ తీశాను. వాలెట్‌లో సరిపడా డబ్బు లేదని ఎర్రక్షరాలు వచ్చాయి. లేకపోవడమేమిటి? హోటల్ వాళ్ళు నలభై కోట్లు కుట్టమని ఇచ్చిన అడ్వాన్సంతా అందులో వేసింది నేనే. వాలెట్‌లో ఉంటే కొన్న ప్రతిసారీ ఓటీపీ గొడవ ఉండదని తెలివిగా వేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

గిఫ్ట్ కార్డంటే ఏమిటో ఇవాళే తెలిసింది. డబ్బిచ్చి ఒక నంబరు కొంటారట. ఆ నంబరు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు దాంతో ఏదైనా కొనుక్కోవచ్చట. గుడ్డ కాదు, బొత్తం కాదు, పట్టుకుని చూడ్డానికి ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా కొలిచి, కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి చేతిలో పెడితే తప్ప నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఎవడో ఒట్టి నంబర్లు కొనుక్కుని పోయాడు.

వదలను. ఎవరైనా సరే.

మధ్యాహ్నం 3

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది, తర్వాత నాలుగు, తర్వాత తొమ్మిది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు సంగీతం. ఈలోపు రెండు కోటు చేతులకు కఫ్‌లు వేసేశాను. చివరికి ఒకమ్మాయి దొరికింది. చాలా మర్యాద. ముందు మీ ఇంట్లోవాళ్ళని ఒకసారి కనుక్కోండి మేడమ్ అంది. మా ఇంట్లో ఉన్నది నేనూ, మా ఆయనా, ఆయనకి తన చొక్కా ఎక్కడుందో నేను చెప్తే తప్ప తెలీదు, ఇంక గిఫ్ట్ కార్డులేం కొంటాడు అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వకూడదని ట్రైనింగులో చెప్పి ఉంటారు.

అకౌంటు స్తంభింపజేశారట. ఫిర్యాదు నంబరు ఇచ్చింది. దగ్గర కాగితం లేక కటింగ్ సుద్దతో గోడ మీద రాసుకున్నాను. పోలీసు స్టేషన్లో కూడా ఫిర్యాదు ఇచ్చి ఆ కాగితం పంపాలట. పంపుతాను. తొందరపాటు మనిషినే గానీ, బద్ధకస్తురాలిని కాను.

జూన్ 4, బుధవారం

పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళం ముగ్గురం. నేను, మా ఆయన, కాజాలక్క. అసలు తెలియకుండా ఎలా ఉంటుంది, టాబ్లెట్ వెనకాల కాగితం మీద రాసి అంటించింది నేనే.

మా ఆయన లిఫ్ట్ మెకానిక్. ఒకటో తారీఖు నుంచి పక్క ఊళ్ళో ఏదో పెద్ద భవనానికి లిఫ్ట్ బిగిస్తున్నాడు. ఫోన్ చేస్తే లిఫ్టు గుంతలోంచి మాట్లాడాడు. అకౌంట్లోంచి డబ్బు పోయిందని చెప్పాను. ఎంత అన్నాడు. అడ్వాన్సంతా అన్నాను. ఆ తర్వాత ఆయనన్నది నాకు వినపడలేదు, నేనన్నది ఆయనకి వినపడలేదు. మా కాపురంలో ఇది కొత్తేమీ కాదు.

కాజాలక్క నా దగ్గరికి వచ్చి పదకొండేళ్ళయింది. నాకంటే పదేళ్ళు పెద్ద. కోటుకి చేత్తో కాజాలు కుట్టడంలో ఆమెకి సాటి ఎవరూ లేరు. మెషీన్ కాజా ఏడాదికే పీచులొస్తుంది, అక్క కుట్టింది కోటు చిరిగినా చెక్కుచెదరదు. అందుకే అందరూ ఆమెని కాజాలక్క అంటారు. అసలు పేరు నాకే అప్పుడప్పుడూ గుర్తురాదు. నన్ను అమ్మాయ్ అని పిలుస్తుంది. నాకు నలభై ఆరు.

కాజాలే కాదు, కొలతలు రాసేదీ ఆమే. టేపు నా చేతిలో, పుస్తకం ఆమె ఒళ్ళో. నేను అంకెని రెండుసార్లు గట్టిగా చెప్పాలి, ఆమె రాయాలి. ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిది. ఒక బ్యాంకు ఆఫీసరు గారి ప్యాంటు రెండంగుళాలు పొట్టిగా కుట్టి, ఆయన మేజోళ్ళు ఊరంతా చూసిన తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది.

ఈ రోజు ఒక్కో ఆర్డరూ తెరిచి చూశాను. కార్డులు ఎవరిదో తెలియని ఈమెయిల్‌కి వెళ్ళాయి. కళ్ళజోడు మాత్రం మా దుకాణం అడ్రసుకే వచ్చింది. మే 22న ఆర్డరు, 24న డెలివరీ. తీసుకున్నవారు అన్నచోట అక్క పేరుంది.

చదివి టాబ్లెట్ బోర్లా పెట్టేశాను. అక్క నా ఎదురుగానే కూచుని కాజా కుడుతోంది. కళ్ళకి ఏమీ లేదు. గుడ్డని ముఖానికి దగ్గరగా పట్టుకుంది.

అడగలేదు. అడిగితే జాగ్రత్తపడుతుంది. ముందు చూడాలి.

జూన్ 5, గురువారం

అక్క సంచిలోంచి దారపుండ తీస్తుంటే కళ్ళజోడు డబ్బా బయటపడింది. కొత్తది. సైటు స్టిక్కరు ఇంకా ఊడలేదు. గబుక్కున లోపల తోసేసింది. నేను చూడ్డం ఆమె చూసింది.

అప్పుడే లాయరమ్మ ట్రయల్‌కి వచ్చింది, నల్లకోటు వేసుకుని అద్దం ముందు నిలబడింది. ఆగి ఉంటే ఏం పోయేది? నేను ఆగే రకం కాదు. కళ్ళజోడు దొరికింది, మరి గిఫ్ట్ కార్డులెక్కడ పెట్టావక్కా అన్నాను.

అక్కకి అర్థం కాలేదు. ఏం కార్డులు అంది. ఆ మాట అంటూనే సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది. అది చూసి నేను రెచ్చిపోయాను. పదకొండేళ్ళు అన్నం పెట్టిన చోట అన్నాను. పాస్‌వర్డ్ ఇచ్చి నెత్తిన పెట్టుకున్నందుకు అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, అవి రాయను. లాయరమ్మ అద్దంలోంచి మా ఇద్దరినీ చూస్తూ కోటు బొత్తాలు పెట్టుకుంటూ ఉండిపోయింది.

అక్క సూదిని దిండుకి గుచ్చింది. ఒళ్ళో ఉన్న గుడ్డ మడతపెట్టింది. లాయరమ్మ కోటుకి ఇంకా రెండు కాజాలున్నాయి, గుర్తుపెట్టుకో అంది. సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

తప్పు చేయకపోతే నిలబడి మాట్లాడాలి కదా. నిలబడలేదు.

జూన్ 6, శుక్రవారం

రాలేదు.

జూన్ 7, శనివారం

స్టేషన్‌కి వెళ్ళాను. ఫిర్యాదులు రాసుకునే కానిస్టేబుల్ చాలా నెమ్మదస్తుడు. ఒక్కో అక్షరానికీ వేలితో వెతుక్కుని టైపు చేస్తాడు. గిఫ్ట్ కార్డు అనే మాట దగ్గర రెండుసార్లు టీ తాగాడు. అన్నీ అయ్యాక ఎవరి మీదైనా అనుమానముందా అని అడిగాడు.

ఉందన్నాను. పేరు చెప్పమన్నాడు. చెప్పాను. స్పెల్లింగ్ అడిగాడు, అదీ చెప్పాను. ఏం పని చేస్తుందంటే కాజాలు కుడుతుందన్నాను. ఎన్నేళ్ళుగా అంటే పదకొండన్నాను. ఇంటి అడ్రసు చెప్పాను. అడిగినవన్నీ తడుముకోకుండా చెప్పాను, అతని టైపింగే నాకంటే వెనకబడింది.

సంతకం పెట్టి కాగితం ఫోటో తీసి సైటుకి పంపాను. వెంటనే జవాబు వచ్చింది. మీ ఓర్పుకు ధన్యవాదాలట. నాకు ఓర్పుందని ఎవరు చెప్పారో వీళ్ళకి.

జూన్ 9, సోమవారం

మా ఆయన ఇవాళ పొద్దున వచ్చాడు. సంచి కింద పెట్టక ముందే మొత్తం చెప్పాను. గిఫ్ట్ కార్డుల దాకా వింటూనే ఉన్నాడు. కళ్ళజోడు అనగానే బూటు విప్పుతున్నవాడు ఆగిపోయాడు.

అది నేనే ఆర్డర్ పెట్టాను అన్నాడు.

అక్కకి దగ్గరి చూపు ఏడాదిగా మందగిస్తోందట. కాజా కుట్టేదానికి చూపు పోయిందంటే అమ్మాయి నన్ను పనిలో ఉంచుకోదు అందట. అందుకని నాకు తెలియకుండా ఒక జోడు తెప్పించి పెట్టమని ఆయన్ని అడిగింది. దాని ధర మొత్తం అప్పటికప్పుడు చిల్లర డబ్బాలో వేసింది, ఆయన కళ్ళముందే. ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. ఆయన మాటివ్వడమూ, నిలబెట్టుకోవడమూ ఇప్పుడే కుదరాలి.

మరి నాకెందుకు చెప్పలేదని అరిచాను. నువ్వు డబ్బు పోయిందన్నావు గానీ కళ్ళజోడని అనలేదు కదా అన్నాడు. నిజమే. అనలేదు.

నా దగ్గర ఉన్నంతసేపు అక్క ఆ జోడు పెట్టుకోకుండా, గుడ్డని ముక్కుకి ఆనించుకుని కుట్టింది. నేనేమంటానోనని. ఏమనేదాన్నో నాకే తెలియదు, అదీ నిజమే.

అయితే కళ్ళజోడు ఒక్కటే తేలింది. ఆరు కార్డులు తేలలేదు. పాస్‌వర్డ్ ఆమెకి తెలుసు. ఒకటి దాచినవాళ్ళు ఇంకోటి దాచరని ఏముంది? ఇలా రాస్తుంటే నా మీద నాకే చిరాగ్గా ఉంది. కానీ తేల్చకుండా ఎటూ కదలను. ఆమె అయితే ఆమె, కాకపోతే కాదు. ఏదో ఒకటి తెలియాలి.

జూన్ 10, మంగళవారం

కస్టమర్ కేర్‌లో నలుగురితో మాట్లాడాను. మొదటి ముగ్గురూ విచారిస్తున్నాం అన్నారు. వాళ్ళు విచారించేది పనో, నా గురించో తెలియలేదు. నాలుగో అతనితో ఒకటే అడిగాను. నా అకౌంటులోకి ఏ ఫోన్ నుంచి వెళ్ళారు, ఏ రోజు, ఏ టైముకి. అది చెప్పే వీలులేదన్నాడు. నా ఇంట్లోకి ఎవరు ఎప్పుడొచ్చారో నాకు చెప్పే వీలులేదా అన్నాను. పై అధికారిని పిలవమన్నాను. లేడన్నాడు. వచ్చేదాకా లైనులో ఉంటానన్నాను. నా చేతి నిండా పని ఉంది, నాకేం తొందర లేదు, ఫోను పక్కన పెట్టి కాలర్లు తిప్పుకుంటూ ఉంటాను అన్నాను. మూడు కాలర్లయ్యేసరికి అధికారి దొరికాడు.

మే 20, మంగళవారం, ఉదయం 11 గంటల 42 నిమిషాలకు ఒక కొత్త ఫోన్ నా అకౌంటులోకి వచ్చింది. అలా వచ్చేముందు నా నంబరుకి ఆరంకెల కోడ్ పంపారు. నిమిషం తిరక్కుండా ఆ కోడ్ సరిగ్గా కొట్టారు. నేను అడ్వాన్సు వేశాక, మే నెలాఖరులో ఆ ఫోన్ నుంచే ఆరు కార్డులూ కొన్నారు. పాస్‌వర్డ్ తెలియకపోయినా ఆ కోడ్ ఉంటే చాలు మేడమ్, అది ఎవరో చెప్పి ఉండాలి అన్నాడు.

నా ఫోనులో మెసేజ్‌లు ఉండవు. నిండిపోయిందని అన్నప్పుడల్లా అన్నీ ఒకేసారి తుడిచేస్తాను.

కానీ మే 20న పదకొండు నలభైకి దుకాణంలో ఎవరున్నారో నాకు తెలుసుకునే దారి ఉంది. కొలతల పుస్తకంలో తారీఖు వేస్తాం. నేను అప్పుడు బజారుకు పోయి, ఫోన్ అక్క దగ్గర ఉందేమో. అది తెలిస్తే చాలు. పుస్తకం మా ఆయన బల్ల మీంచి తీసి ఎక్కడో పెట్టాడు. రేపు వెతుకుతాను.

జూన్ 11, బుధవారం

దొరికింది.

మే 20. అక్క చేతిరాత. లాయరమ్మ, నల్లకోటు. మెడ 15. భుజం 16½. ఛాతీ 38. చెయ్యి 22. దాని కింద 4 7 0 9 1 6. దాని పక్కన చిన్న ప్రశ్న గుర్తు. దాని కింద మణికట్టు 8½.

ఒక్కసారిగా మొత్తం గుర్తొచ్చింది. లాయరమ్మ చేతులు చాపి నిలబడింది. నా నోట్లో నాలుగు గుండుసూదులు, రెండు చేతుల్లో ఆమె చెయ్యి మీద పట్టిన టేపు. ఫోన్ మోగింది. అక్క స్పీకర్‌లో పెట్టింది. ఎవరో మంచి గొంతు. అమ్మా, మీ పార్సిల్ డిపోలో ఆగిపోయింది, ఇప్పుడు మీకొక మెసేజ్ వస్తుంది, అందులో నంబరు చెప్తే ఇవాళే పంపేస్తాం అన్నాడు. నేను నిజంగానే ఒక పార్సిల్ కోసం ఎదురుచూస్తున్నాను. చదువక్కా అన్నాను. అక్షరాలు చిన్నవి, నువ్వే చూడు అని అక్క ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పట్టింది. సూదులు పళ్ళ మధ్య పెట్టుకునే చదివాను. అంకె కనపడితే నేనేం చేస్తాను? గట్టిగా చెప్తాను, రెండుసార్లు చెప్తాను. అతను ఒక్కసారి అడిగితే నేను రెండుసార్లు చెప్పాను, పొరపాటు రాకూడదని. అక్క చెప్పినదల్లా రాసుకుంది. థాంక్స్ అమ్మా అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అని కూడా అన్నాను నేను.

ఆ రోజు సాయంత్రం అక్క పుస్తకం చూపించి ఇదేం కొలత అమ్మాయ్ అని అడిగింది. ఏదో పార్సిల్ది, వదిలెయ్ అన్నాను.

నాకు గుర్తుంది. ఆమె అడిగింది. అనుమానం వచ్చింది గనక అడిగింది. ఆమె నన్నడిగింది, నేను ఆమెని అడగలేదు.

ఈ పుస్తకం దొంగను పట్టిస్తుందని తెరిచాను. పట్టించింది. పుస్తకం పట్టుకుని నేల మీద కూచున్నాను. లైనింగ్ లేని నలభై కోట్లూ హ్యాంగర్లకు వేలాడుతూ ఉన్నాయి. సిగ్గుగా ఉంది. అంతకంటే వేరే మాట రాయడం లేదు.

జూన్ 12, గురువారం

లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. మే 20 సంగతి అడిగాను. ఆమెకి బాగా గుర్తుంది. నువ్వు చదివావు, రెండుసార్లు చదివావు, నా కోటు బిల్లేమోనని గుండె గుభేలుమంది అంది. మొన్న నేను అక్కని అంటుంటే ఎందుకు చెప్పలేదన్నాను. నువ్వు కార్డులంటున్నావు, కళ్ళజోడంటున్నావు, ఎక్కడా కోడనలేదు కదా అంది. ఈ మాట రెండోసారి వింటున్నాను.

అక్క పేరు ఫిర్యాదులోంచి తీసేయాలంటే ఏం చేయాలని అడిగాను. అనుమానం లేదని ఊరికే రాస్తే ఒప్పుకోరు, కారణం రాయాలి అంది. కారణమంటే కోడ్ నేనే చెప్పానని. అలా రాస్తే సైటు నుంచి ఒక్క పైసా వెనక్కి రాదని కూడా చెప్పింది. నువ్వేం చేస్తావని నేనడిగితే, వకీలుగా అడుగుతున్నావా, మనిషిగా అడుగుతున్నావా అంది. వకీలుకైతే ఫీజివ్వాలి కదా అన్నాను. నవ్వింది. ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

జూన్ 13, శుక్రవారం, ఉదయం 10

సైటు నుంచి ఫారం వచ్చింది. మీ ఫిర్యాదు పరిశీలించాం, దిగువ ప్రశ్నకు జవాబిచ్చి, స్టేషన్ కాగితం తాజా నకలు జతచేస్తే డబ్బు వాపసు గురించి వెంటనే నిర్ణయిస్తాం.

ప్రశ్న ఒకటే. మీకు వచ్చిన కోడ్‌ను మీరు ఎవరికైనా చెప్పారా? అవును, కాదు. రెండు గుండ్రాలు.

మధ్యాహ్నం 12

స్టేషన్ నుంచి నెమ్మదస్తుడి ఫోన్. సోమవారం ఆమెను పిలిచి అడుగుతున్నాం, మీరూ రండి అన్నాడు. ఇన్నాళ్ళూ నత్త నడక నడిచినవాడికి ఇప్పుడు వచ్చిందా హుషారు.

మధ్యాహ్నం 2

కాదు అని నొక్కితే ఎవరికి తెలుస్తుంది? నాకు, లాయరమ్మకి; అక్కకైతే అది పార్సిల్ నంబరనే తెలుసు. లాయరమ్మ చెప్పదు. మా ఆయనకి చెప్పాను కాబట్టి ఆయనకి. ఆయన మాటిస్తే నిలబెట్టుకుంటాడు, అది ఈ మధ్యే తెలిసింది. అడ్వాన్సు తిరిగొస్తుంది. కోట్లు వేళకి ఇచ్చేస్తాను. అక్కని సోమవారం ఒక గంట కూచోబెట్టి అడుగుతారు, ఆమె తెలియదంటుంది, వదిలేస్తారు. ఏమవుతుంది?

ఏమవుతుందో రాస్తాను. ఆ వీధిలో అందరూ చూస్తారు. తర్వాత ఏ దుకాణానికి వెళ్ళినా, పోలీసులు పిలిచారటగా అంటారు. ఆమె చెయ్యి కత్తెర తగిలినా ఆగనిది, ఆ మాటకి ఆగిపోతుంది. ఇన్నేళ్ళ పని పోతుంది. అది నేను రెండుసార్లు గట్టిగా చదివిన ఆరంకెల వల్ల.

ఇంక రాయడానికేం లేదు. రేపు స్టేషన్‌కి వెళ్తున్నాను.

జూన్ 14, శనివారం

పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. నెమ్మదస్తుడు వచ్చి మళ్ళీ ఏం పోయిందమ్మా అన్నాడు. ఏం పోలేదు, ఒకటి తిరిగి రాయాలి అన్నాను.

కోడ్ చెప్పింది నేను. నా నోటితో, నా దుకాణంలో, మే 20న పదకొండు నలభైకి. నేను పేరిచ్చిన మనిషికి దీంతో ఏ సంబంధమూ లేదు. నా తొందర వల్ల ఆమె పేరు చెప్పాను. ఇలా రాయమన్నాను. ఆలోచించుకున్నారా, ఇది రాస్తే మీ కేసు పలచబడుతుంది అన్నాడు. పుస్తకంలో ఆ పేజీ చూపించాను. చాలాసేపు చూశాడు. ఈ ప్రశ్న గుర్తు ఎవరు పెట్టారు అన్నాడు. ఆమే అన్నాను. మీకంటే ఆవిడే నయం అన్నాడు. మొదటిసారి అతని మీద గౌరవం కలిగింది.

తొందర అనే మాట టైపు చేయడానికి ఐదు నిమిషాలు తీసుకున్నాడు. ఆ మోసగాడి మీద కేసు మాత్రం అలాగే ఉంచమన్నాను. ముద్ర వేయించుకుని నకలు తీసుకున్నాను.

బయటికి వచ్చి మెట్ల మీదే నిలబడి ఫారం తెరిచాను. అవును అని నొక్కాను.

జూన్ 15, ఆదివారం

అక్క ఇంటికి ఇన్నేళ్ళలో రెండుసార్లే వెళ్ళాను. మూడో అంతస్తు, మెట్లే. తలుపు తీసి నన్ను చూసి పక్కకి జరిగింది. రమ్మనలేదు, వద్దనలేదు. కిటికీ పక్కన కుర్చీలో ఎవరివో ప్యాంటులు గుట్టగా ఉన్నాయి. వేరే దుకాణం పని. కళ్ళజోడు పెట్టుకుని ఉంది. ఆమెకి బాగుంది, చెప్పే ధైర్యం లేకపోయింది.

కాగితం ఇచ్చాను. నిలబడే చదివింది. తన పేరున్న దగ్గర ఆగింది, మళ్ళీ మొదటినుంచి చదివింది. నేను క్షమించమని అడిగాను. లాయరమ్మ ముందు అన్నాను గనక ఆవిడ ముందే మళ్ళీ చెప్తానన్నాను. ఆవిడకేం, కోటు వేసుకుని పోయింది, నాకు చెప్పు అంది. చెప్పాను. తప్పు నాదే అని. అక్షరం మింగకుండా.

అప్పుడు మాట్లాడింది. నువ్వు దొంగా అన్నందుక్కాదమ్మాయ్, అడక్కుండా అన్నావు అంది. పదకొండేళ్ళు నీ ఎదురుగా కూచున్నాను, ఏంటక్కా ఇది అని ఒక్క ముక్క అడిగుంటే డబ్బా తీసి చూపించేదాన్ని, పని పోతే పోయిందని చెప్పేసేదాన్ని అంది. ముందురోజంతా నన్ను చూస్తూనే ఉన్నావు, చూస్తున్నావని నాకు తెలుస్తూనే ఉంది, ఇదేంటి ఈ అమ్మాయి ఇలా చూస్తోంది, ఒంట్లో బాలేదా అనుకున్నాను అంది.

అడగాల్సిందక్కా అన్నాను.

టీ ఇచ్చింది. తను తాగలేదు. పనికి రమ్మని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. చూపు మందగిస్తే మందగించనీ, నా దుకాణంలో నీ కుర్చీ నీదే అని మాత్రం చెప్పి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే పై నుంచి ఒక మాట వినపడింది. ఆ లాయరు కోటుకి రెండు కాజాలు ఎవరు కుట్టారు అంది. నేనే అన్నాను. తలుపు వేసుకుంది.

జూన్ 18, బుధవారం

డబ్బు ఇవ్వలేమని సైటు వాళ్ళు రాశారు. నా నిజాయితీకి ధన్యవాదాలు కూడా చెప్పారు.

జూన్ 20, శుక్రవారం

హోటల్ మేనేజర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను, మా అత్తగారిక్కూడా ఇలాగే అయింది అన్నాడు. పది రోజులు గడువు పెంచాడు. లైనింగ్ షాపాయన అరువిచ్చాడు. మా ఆయన ఆదివారాలు కూడా లిఫ్టు పనులు ఒప్పుకున్నాడు, నాతో ఒక్క మాట అనకుండా. రాత్రి బూట్లు విప్పుతుంటే వెళ్ళి కాళ్ళ దగ్గర కూచున్నాను. ఏంటి అన్నాడు. ఏం లేదన్నాను.

టాబ్లెట్ వెనక కాగితం పీకేశాను. పాస్‌వర్డ్ మార్చాను. వాలెట్ మూసేశాను. ఫోను మోగితే ముందు చేతిలో పని కింద పెట్టాలి, అప్పుడే ఎత్తాలి. ఇది కొత్త నియమం.

కోటుకి నాలుగు చొప్పున నూట అరవై కాజాలు. నేనే కుడుతున్నాను. ఇవాల్టికి పద్నాలుగు. మొదటి ఐదూ విప్పి మళ్ళీ కుట్టాను. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంటే తల ఎత్తబుద్ధి కావడం లేదు.

జూలై 1, మంగళవారం

వాడే. అదే మంచి గొంతు. అమ్మా, మీ పార్సిల్ డిపోలో ఆగిపోయింది అన్నాడు.

సూది దిండుకి గుచ్చాను. కాలు మీద కాలు వేసుకున్నాను. అయ్యో, ఏ డిపో బాబూ అన్నాను. నంబరొస్తుంది చెప్పమన్నాడు. వచ్చింది. దాన్ని పక్కన పెట్టి హోటల్ వంటాయన నడుము, వాళ్ళ గేటు కాపలా ఆయన ఛాతీ, మేనేజర్ మెడ వరసగా కలిపి ఆరంకెలు చెప్పాను. కొట్టాడు, పని చేయలేదు. మళ్ళీ చెప్పాను, ఈసారి వంటాయన తొడ. ఏడుసార్లు చెప్పాను. మర్యాద ఐదోసారికే పోయింది. ఈలోపు మా ఆయన ఫోన్ నుంచి స్టేషన్‌కి వాడి నంబరు, టైము చెప్పేశాను. నెమ్మదస్తుడు ఇంకాసేపు మాట్లాడించమ్మా అన్నాడు, తను టైపు చేసుకోవాలి కదా.

దొరుకుతాడో లేదో తెలియదు. దొరకకపోయినా ఇంకోచోట ఇంకొకరికి ఫోన్ చేయాల్సిన అరగంట నా దగ్గర పోగొట్టుకున్నాడు. మళ్ళీ చేస్తే మళ్ళీ మాట్లాడతాను. నలభై మంది కొలతలున్నాయి నా దగ్గర.

జూలై 5, శనివారం

అక్క వచ్చింది. సంచి లేదు, ఫోను మాత్రం ఉంది. నాకంటూ ఒక అకౌంటు తెరిచిపెట్టు, నా పేరు మీద అంది.

తెరిచాను. పేరు కొట్టాను, పూర్తి పేరు. కోడ్ వచ్చింది. ఫోను గుండెకి ఆనించుకుని తనే చూసుకుని కొట్టుకుంది. పాస్‌వర్డ్ దగ్గర నన్ను అటు తిరగమంది. గోడకేసి తిరిగాను. చాలాసేపు పట్టింది. తొందరపెట్టలేదు.

అడ్రసు అడుగుతోంది, ఎక్కడిది పెట్టాలక్కా అని గోడవైపు చూస్తూనే అడిగాను. ఇక్కడిదే పెట్టు, సోమవారం నుంచి పగలంతా నేనుండేది ఇక్కడే కదా అంది.